కీబోర్డు కబుర్లు: మ్యాపులో లేని కాలవ

ఈ శీర్షికలో నేను మామూలుగా ఏం రాస్తానో మీకు తెలుసు. వీసా తిప్పలు, ఎయిర్‌పోర్టు తిండి, అర్ధరాత్రి పడిపోయే సర్వర్లు, ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తెలుగు బడికి లేపడం. ఈసారి మాత్రం మా ఇంటి విషయం ఒకటి రాస్తున్నాను. మా శ్రీమతి గర్భసంచిలో వచ్చిన గడ్డల సంగతి.

"ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇదేం విషయమండీ?" అని కొందరైనా అనుకుంటారు. నేనూ అదే అన్నాను. "ఎనిమిదేళ్ళుగా సర్వర్ల గురించి రాస్తున్నారు. మీ వ్యాసం చదివి ఒక్క సర్వరైనా లేచి కూర్చుందా? ఇది రాయండి, ఏ ఊళ్ళోనో ఒకావిడ డాక్టర్ని ఇంకో ప్రశ్న అడుగుతుంది" అంది మా ఆవిడ. రాసినదాన్ని తనే చదివి, రెండుచోట్ల నా గొప్పలు కొట్టేసి, సరేనన్నాకే సంపాదకులకు పంపాను. కాస్త పెద్ద పిల్లలు కూడా నిరభ్యంతరంగా చదవచ్చు. అసలీ సంగతి ముందుగా కనిపెట్టింది మీ ఈడు పిల్లే.

కథ ఐసుముక్కలతో మొదలైంది.

అప్పట్లో నా క్లయింటు మినియాపొలిస్‌లో. సోమవారం తెల్లవారుజామున నెవార్క్‌లో విమానం ఎక్కితే గురువారం రాత్రికి ఇల్లు చేరేవాణ్ణి. ఆ మిగిలిన మూడు రోజుల్లో నేను గమనించింది ఒకటే. మా ఆవిడ గ్లాసునిండా ఐసు పోసుకుని కరకరా నములుతోంది. జనవరిలో, బయట మంచు పడుతుంటే కూడా! "తెలుగువాళ్ళు జంతికలు నములుతారు, నువ్వు ఫ్రిజ్జుని నములుతున్నావు" అని జోకులు వేశాను. ఆవిడా నవ్వింది.

ఒక మంగళవారం సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడది పదో క్లాసు. "నాన్నా, అమ్మ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చుంటోంది. బట్టల బుట్ట పక్కన పెట్టుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ లేచి ఎక్కుతోంది. రోజూ అంతే. నీకు చెప్పొద్దంది."

ఆ వారం బుధవారమే తిరిగొచ్చాను. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.4 అని వచ్చింది. ఆడవాళ్ళకు 12 అయినా ఉండాలి. ఒంట్లో ఇనుము బాగా తగ్గిపోతే కొందరికి ఐసు నమలాలనే యావ పుడుతుందట. అదొక గుర్తని డాక్టర్లకు తెలుసు. నాకు అదొక జోకు.

"నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం ఎన్నాళ్ళ నుంచి?" అని డాక్టరు అడిగింది. "రెండేళ్ళకు పైనే" అంది మా ఆవిడ. నేను తనవైపు చూస్తూ ఉండిపోయాను. రెండేళ్ళుగా లేతరంగు చీర ఎందుకు కట్టలేదో, వాషింగ్టన్‌కి కారులో పోదామంటే ఎందుకు దాటేసిందో, సినిమాకెళ్తే చివరి కుర్చీలోనే ఎందుకు కూర్చుందో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "చెప్పొచ్చు కదా?" అంటే, "చెప్పడానికేముంది? అమ్మకీ అలాగే ఉండేది. మా ఇంట్లో ఆడవాళ్ళకి మామూలే అనుకున్నా" అంది.

నెలకు సగం రక్తం పోతున్నా 'మామూలే' అనుకునే ఇళ్ళు మనలో ఎన్నో!

*

స్కానింగులో మూడు ఫైబ్రాయిడ్లు కనిపించాయి. పెద్దది 8 సెంటీమీటర్లు, అంటే ఓ మాదిరి బత్తాయి అంత.

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోంచే పెరిగే గడ్డ. అది క్యాన్సరు కాదు. క్యాన్సరు అయ్యే సందర్భాలు బహు అరుదు. ఎంతమందికి వస్తాయో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అమెరికాలో 2003లో వెలువడ్డ ఒక అధ్యయనం ప్రకారం 50 ఏళ్ళు వచ్చేసరికి తెల్లజాతి స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి, నల్లజాతి స్త్రీలలో 80 మందికి పైగా ఇవి ఉంటాయి. చాలామందికి ఏ బాధా ఉండదు, ఉన్నట్టే తెలియదు. కొందరికి మాత్రం అధిక రక్తస్రావం, పొత్తికడుపులో బరువు, మాటిమాటికీ బాత్‌రూముకి పరుగు, నడుంనొప్పి. ముట్లాగిపోయాక సాధారణంగా ఇవి కుంచించుకుపోతాయి. అందాకా ఎలా లాక్కురావాలన్నదే చిక్కు.

మేం ముందు చూపించుకున్న గైనకాలజిస్టు మర్యాదగానే మాట్లాడింది. గర్భసంచి తీసేయడమే మంచిదంది, తేదీ కూడా రాసిచ్చింది. ఇంటికొచ్చి తెనాలికి ఫోన్ చేశాం.

"తీయించేయవే. ఇద్దరు పిల్లలున్నారు, ఇక దాంతో పనేముంది? నేను తీయించుకోలా? మీ పెద్దమ్మ తీయించుకోలా?" అన్నారు మా అత్తయ్యగారు, పుచ్చిపోయిన పన్ను పీకించేయమన్నంత తేలిగ్గా.

ఆవిణ్ణి తప్పుపట్టడానికి లేదు. మన ఊళ్ళలో అది అంత మామూలు మాట అయిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద నూటికి 3 మంది చొప్పున ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 మందికి పైగా ఉన్నారు. వీళ్ళలో చాలామందికి నలభై కూడా నిండకుండానే ఆపరేషన్ అయిపోయింది. అందులో అవసరమైనవీ ఉంటాయి. కానీ మన రెండు రాష్ట్రాల ఆడవాళ్ళకే ఇంత ఎక్కువగా ఎందుకు అవసరమవుతోందన్నది ఆలోచించాల్సిన విషయం.

*

ఆ శనివారం గుళ్ళో, ప్రసాదం వరుసలో, మన సంఘం సభ్యురాలైన ఒక డాక్టరుగారు కలిశారు. మా ఆవిడ మొహం చూసి ఏమైందని అడిగి, అంతా విని, "ఆపరేషన్ వద్దని నేననను. ఎంబొలైజేషన్ గురించి మాత్రం అడిగారా?" అన్నారు.

ఆ మాట వినడం మాకదే మొదలు. మాస్టర్సు చదివాను, రోజుకి పది గంటలు కంప్యూటరు ముందు కూర్చుంటాను. కొత్త ఫోను కొనాలంటే నలభై సమీక్షలు చదువుతాను. మా ఆవిడ ఆపరేషన్ గురించి ఒక్క పేజీ చదవలేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను.

ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. పారిస్‌లో జాక్ రవీనా అనే గైనకాలజిస్టు, ఆయన బృందం, ఫైబ్రాయిడ్ల ఆపరేషన్‌లో రక్తం ఎక్కువగా పోకుండా ముందురోజుల్లో గర్భసంచికి వెళ్ళే రక్తనాళాలను మూసేవారు. తీరా చూస్తే, ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న కొందరు స్త్రీలు "మాకు బాగానే ఉంది, ఆపరేషన్ ఎందుకు?" అనడం మొదలుపెట్టారు. సన్నాహం అనుకున్నదే వైద్యమైంది! 1995లో లాన్సెట్ పత్రికలో ఆ సంగతి అచ్చయింది. 2004 నవంబరులో కాండొలీజా రైస్ విదేశాంగమంత్రిగా ప్రతిపాదన అందుకున్న వారంలోనే వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ ఆసుపత్రిలో ఈ చికిత్సే చేయించుకున్నారు. తగిన రోగులకు ఇది సురక్షితమైన, పనిచేసే మార్గమని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2008లోనే చెప్పింది.

మరి మా డాక్టరు ఎందుకు చెప్పలేదు? ఒక కారణం నాకు ఇలా తోచింది. ఈ పని చేసేది గైనకాలజిస్టు కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు. మా కంపెనీల్లో కూడా అంతే. డేటాబేసు వాళ్ళని అడిగితే డేటాబేసు మార్చమంటారు, నెట్‌వర్కు వాళ్ళ గదిలోకి వెళ్ళి అడగమని ఎవరూ చెప్పరు. మన కాళ్ళతో మనమే వెళ్ళాలి.

*

ఇదెలా పనిచేస్తుందో మా పిల్లలకు చెప్పడానికి కంప్యూటరు పనికిరాలేదు. మా తాతయ్య పొలం పనికొచ్చింది.

మాది కృష్ణా డెల్టా. పెద్ద కాలవలోంచి చిన్న కాలవ, దాన్లోంచి పంటబోదె, బోదెకి తూము, తూములోంచి మడిలోకి నీళ్ళు. వరి కోతకు వచ్చే ముందు మడిని ఆరగట్టాలంటే ఏం చేస్తారు? మడిలో దిగి నీళ్ళు తోడరు. తూము మూస్తారు.

ఎంబొలైజేషన్ అంటే అదే. గర్భసంచికి రక్తం ప్రధానంగా రెండు ధమనుల్లోంచి వస్తుంది, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఫైబ్రాయిడ్లు తాగేదీ ఆ నీళ్ళే. తొడ మొదట్లోనో మణికట్టులోనో చిన్న రంధ్రం చేసి, సేమియా పోగంత గొట్టాన్ని రక్తనాళంలోకి పంపుతారు. ఎక్స్‌రే తెరమీద చూసుకుంటూ, రంగుమందు వదులుతూ, గర్భసంచి ధమని దాకా తీసుకెళ్తారు. అక్కడ బొంబాయిరవ్వంత సన్నటి గుళికలు వదులుతారు. ఒక్కోటి అరమిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు లోపు. నెత్తురు ఎటు ఎక్కువగా పారుతుంటే గుళికలూ అటే కొట్టుకుపోయి, ఫైబ్రాయిడ్‌కి వెళ్ళే నాళాలను మూసేస్తాయి. రక్తం అందక గడ్డ చచ్చి, మెల్లగా ముడుచుకుంటుంది. గర్భసంచికి మాత్రం చుట్టుపక్కల నుంచి చిన్నాచితకా దారులు చాలా ఉంటాయి కనుక అది బతికిపోతుంది. కుట్లు ఉండవు, పూర్తి మత్తు అక్కర్లేదు.

"మరి తూము మూసినా మడి ఆరకపోతే?" అన్నాడు మా చిన్నాడు.

వాడికి పదేళ్ళు. వాడడిగింది మాకు నిజంగానే ఎదురైంది.

*

ఇన్సూరెన్సు అనుమతి కోసం పదకొండు రోజులు ఫోను పట్టుకున్నాక, ఎమ్మారై తీయించుకుని రేడియాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. యాభై దాటిన మనిషి, తొందర లేని మాట. తెరమీద బొమ్మలు చూపిస్తూ ఒకచోట ఆగాడు.

"కుడివైపు ధమని చూడండి, బాగా లావుగా ఉంది. పెద్ద గడ్డని అదే పోషిస్తోంది. ఎడమవైపు ధమని దారప్పోగులా ఉంది, ఉందో లేదో అన్నట్టు. కానీ ఎడమవైపు గడ్డ సన్నగా లేదు. అంటే దానికి తిండి ఇంకెక్కడినుంచో వస్తోంది."

ఎక్కడినుంచో కూడా చూపించాడు. పైన కిడ్నీల ఎత్తునుంచి ఒక నాళం పాత టెలిఫోను తీగలా మెలికలు తిరుగుతూ కిందికి దిగి గర్భసంచి ఎడమ భుజాన్ని పట్టుకుంది. అండాశయానికి వెళ్ళే ధమని అది.

అంత పైనుంచి ఎందుకు రావాలి? ఆయన చెప్పిన కారణం నాకు భలే నచ్చింది. తల్లి కడుపులో శిశువుగా ఉన్నప్పుడు అండాశయాలు తయారయ్యేది కిడ్నీల దగ్గరట. తర్వాత కిందికి దిగి కటి ప్రదేశంలో కాపురం పెడతాయి. కాపురం మారినా నీళ్ళ కనెక్షన్ మాత్రం పుట్టినచోటిదే. బృహద్ధమనిలో కిడ్నీ ధమనుల కాస్త కిందినుంచే వాటికి రక్తం వస్తుంది. ముప్ఫై ఏళ్ళు న్యూజెర్సీలో ఉన్నా ఆవకాయ తెనాలి నుంచే తెప్పించుకునే మనలాంటివే అన్నమాట!

మామూలుగా ఈ నాళం అండాశయాన్నే పోషిస్తుంది. గర్భసంచి ధమనితో దానికి చిన్న చిన్న సంబంధాలుంటాయి. కానీ నూటికి 5 నుంచి 10 మందిలో ఇదే పెద్ద కాలవై ఫైబ్రాయిడ్‌కి కూడా నీళ్ళు పెడుతుంది. ఇంకా అరుదుగా ఒకవైపు గర్భసంచి ధమని అసలే ఉండదు, లేదా పుట్టాల్సిన చోటు కాక ఇంకో కొమ్మనుంచి పుడుతుంది. పుస్తకంలో బొమ్మ ఒకటే. మనుషులు మాత్రం ఎవరి బొమ్మ వారిదే.

మా తాతయ్య పొలంలో ఒక ఏడు ఇలాగే జరిగింది. తూము మూశారు, కట్ట వేశారు. ఈశాన్యం మూల మాత్రం తడి ఆరదు. కోతకు మనుషులు దిగితే కాలు కూరుకుపోతోంది. చివరికి లస్కరు తెల్లవారకముందే గట్టు వెంట నడిచి చూశాడు. పక్క చేను బోదెలోంచి ఎండ్రకాయ బొరియల గుండా మనవైపు నీళ్ళు వస్తున్నాయి. ఆ దారి ఏ మ్యాపులోనూ లేదు. గట్టు వెంట నడిచినవాడికే కనపడింది. మా ఐటీలోనూ అంతే, డాక్యుమెంటులో రెండు కనెక్షన్లుంటే సర్వరు గదిలో మూడుంటాయి. మూడోది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. కానీ అది పీకితేనే ఏం ఆగిపోతుందో తెలుస్తుంది.

పీకితే ఏం ఆగుతుంది? మా ముందున్న అసలు ప్రశ్న అదే.

"రెండువైపులా మామూలు ధమనులు మూసి ఆపేస్తే ఎడమ గడ్డ బతికే ఉండొచ్చు, రక్తస్రావం మళ్ళీ రావొచ్చు. ఈ పైనాళంలోకి కూడా వెళ్ళి మూస్తే గడ్డ చస్తుంది. కానీ అది ఎడమ అండాశయానికి కూడా దారే. కొంచెం పెద్ద సైజు గుళికలు వాడతాను, జాగ్రత్తగా వదులుతాను. అయినా ఆ అండాశయం దెబ్బతినొచ్చు. ముట్లు త్వరగా ఆగిపోవచ్చు. 45 దాటినవారికి ఆ అవకాశం ఎక్కువ. మీకు 43. బల్లమీద పడుకున్నాక అడిగితే మత్తులో సరిగ్గా ఆలోచించలేరు. అందుకే ఇప్పుడడుగుతున్నాను. దారి అలాగే ఉంటే నేను ముందుకెళ్ళాలా, ఆగి బయటికొచ్చేయాలా?"

నేను నోరు తెరిచాను. అలవాటు కదా! కాంట్రాక్టు చర్చల్లో ముందు మాట్లాడేది నేనే. ఆయన చెయ్యి కాస్త ఎత్తి నన్ను ఆపి, మా ఆవిడవైపు చూశాడు.

మా ఆవిడ మూడు ప్రశ్నలు అడిగింది. కుడి అండాశయం సంగతేమిటి? అది దాని సొంత నాళం మీద బాగానే ఉంది. ఇప్పుడు ఆగి, అవసరమైతే తర్వాత మళ్ళీ చేయొచ్చా? చేయొచ్చు, కొందరు అలాగే చేస్తారు, అయితే ఇంకోసారి ఇదంతా పడాలి. ఇది పనిచేయకపోతే గర్భసంచి తీసే దారి అప్పటికీ ఉంటుందా? ఉంటుంది.

ఒక నిమిషం ఊరుకుని, "వెళ్ళండి" అంది. కారెక్కాక కూడా ఆ నిమిషంలో ఏం ఆలోచించిందో చెప్పలేదు. నేనూ అడగలేదు.

*

ముందు రెండుసార్లు ఇనుము ఎక్కించారు. రెండో వారానికి ఐసు నమలడం దానంతటదే మానేసింది. ఫ్రిజ్జు ఊపిరి పీల్చుకుంది.

ఆ రోజు ఎడమ మణికట్టు నుంచి చేశారు. గంటన్నర అన్నది రెండున్నర గంటలైంది. బయట నేను కాఫీ కప్పు అంచు మొత్తం కొరికేశాను. లోపల వాళ్ళు కుడి ధమని మూసి, ఎడమ ధమనిలో రంగుమందు వదిలి చూస్తే అది నిజంగానే దారప్పోగు. ఎమ్మారైలో చూసింది చూసినట్టే ఉంది. ఇంకా సన్నటి గొట్టాన్ని పైనాళంలోకి దించి, మెలికలన్నీ దాటించి, పని పూర్తిచేశారు. అర్ధ మెలకువలో ఉన్న మా ఆవిడకి ఒక్క మాటే గుర్తుందట: "అదుగో, దొరికింది."

కుట్లు లేవు కదా అని నొప్పి లేదనుకోకండి. ఇది దాచి రాస్తే మా ఆవిడ ఒప్పుకోదు. రక్తం ఆగిన కండరం ఊరుకోదు. ఆ రాత్రి నొప్పి పురిటినొప్పుల్లా ఉందని చెప్పింది. బటన్ నొక్కితే మందు ఎక్కే పంపు పెట్టారు. వాంతులు, కొంచెం జ్వరం. మర్నాడు ఇంటికి పంపారు. మొదటి వారం నీరసం. రెండు వారాలకు మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళింది. నేను మినియాపొలిస్ ప్రాజెక్టు వదిలేసి, తక్కువ డబ్బుకి ఎడిసన్‌లోనే పని చూసుకున్నాను. దీన్ని త్యాగమని రాస్తే మా ఆవిడ కొట్టేసింది. "రెండేళ్ళు ఆలస్యంగా ఇంటికొచ్చారు, అంతే" అంది. నిజమే.

ఆరు నెలల తర్వాత మళ్ళీ ఎమ్మారై. 8 సెంటీమీటర్ల గడ్డ 6 అయింది. "ఇంత పడితే రెండు సెంటీమీటర్లేనా?" అని నేను నీరసపడితే మా అమ్మాయి కాగితం తీసుకుంది. "నాన్నా, గోళం ఘనపరిమాణం వ్యాసార్ధం ఘనం మీద ఆధారపడుతుంది. 8 ఘనం 512. 6 ఘనం 216. సగం కంటే ఎక్కువ పోయింది. మాస్టర్సు చేశావు కదా?" అంది. ఎడమవైపు గడ్డలోకి రక్తం పోవడం లేదు. హిమోగ్లోబిన్ 12.6. ముట్లు ఆగలేదు, మనిషి నెలసరి అంత మామూలుగా వస్తున్నాయి. ఆ ఉగాదికి మా ఆవిడ గంధంరంగు చీర కట్టుకుంది. ఫోటో తీశాను. ఎందుకు తీశానో పిల్లలకు చెప్పలేదు.

*

ఇది చదివి అందరూ ఎంబొలైజేషన్‌కి పరుగెత్తమని నా ఉద్దేశం కాదు. ఇది అందరికీ నప్పదు. గర్భంతో ఉన్నవాళ్ళకి, గర్భాశయంలో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ళకి, క్యాన్సరేమోనన్న అనుమానం ఉన్నవాళ్ళకి చేయరు. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్ళు గడ్డలు మాత్రమే కోసి తీసే మైయోమెక్టమీ గురించి ముందు గట్టిగా మాట్లాడాలి. బ్రిటన్‌లో జరిగి 2020లో ప్రచురితమైన ఫెమ్మె అనే పరీక్షలో, రెండేళ్ళ తర్వాత జీవన నాణ్యత ఎంబొలైజేషన్ కంటే మైయోమెక్టమీ చేయించుకున్నవారికే మెరుగ్గా ఉంది. ఎంబొలైజేషన్ అయ్యాక కొందరికి ఏళ్ళ తర్వాత మళ్ళీ చికిత్స అవసరమవుతుంది. ఇంటికొచ్చాక తీవ్రమైన జ్వరం, దుర్వాసనతో స్రావం కనిపిస్తే అది తాత్సారం చేయకూడని విషయం. ఇక గర్భసంచి తీయించుకుంటే ఫైబ్రాయిడ్లు మళ్ళీ వచ్చే ప్రశ్నే లేదు. ఆలోచించి అదే కోరుకునేవారికి అది మంచి నిర్ణయమే.

కానీ తేదీ తీసుకునే ముందు ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. నా గడ్డలు ఎన్ని, ఎక్కడ, ఎంత? మందులతో, హార్మోను లూప్‌తో కొన్నాళ్ళు చూడొచ్చా? గడ్డ మాత్రమే తీయగలరా? ఎంబొలైజేషన్‌కి నేను తగుదునా, ఎవరిని కలవాలి? ఎమ్మారైలో నా రక్తనాళాల దారి మామూలుగానే ఉందా, అండాశయం వైపునుంచి ఏమైనా వస్తోందా? అలా ఉంటే మీరేం చేస్తారు? ఇండియాలో ఉన్న అక్కచెల్లెళ్ళకి కూడా చెప్పండి. హైదరాబాదు వంటి నగరాల్లో పెద్ద ఆసుపత్రుల్లో ఈ చికిత్స ఉంది.

మొన్న అత్తయ్యగారు ఫోన్‌లో నన్ను పిలిచి మరీ అడిగారు. "బాబూ, నాకప్పుడు ఇలాంటిదేదైనా చేయడానికి వీలుండేదా?" ఆవిడ ఆపరేషన్ 1989లో. ఆవిడకప్పుడు 36.

"లేదండీ, ఫైబ్రాయిడ్లకు ఇది చేయొచ్చని అచ్చయిందే 1995లో" అన్నాను.

"పోన్లే" అన్నారు. కాసేపాగి, "ఉన్నా నన్నెవరు అడుగుతార్లే. మీ మామయ్యగారూ డాక్టరూ లోపల మాట్లాడుకున్నారు. నేను బయట బెంచీమీద కూచున్నాను. వచ్చి, గురువారం ఆపరేషన్ అన్నారు. అమ్మాయిని అడిగారటగా, ముందుకెళ్ళాలా ఆగాలా అని? నాకదే నచ్చింది బాబూ" అన్నారు.

ఫోను పెట్టేశాక చాలాసేపు ఏం చేయాలో తోచలేదు. ఆ లోపలి గదిలో నేను కూడా నోరు తెరిచినవాణ్ణే కదా!

ఈ పత్రిక పక్కన పెట్టాక ఒక పని చేయండి. మీ ఇంట్లో ఆవిణ్ణి, అమ్మని, అక్కని, "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగండి. "మామూలే" అంటే అక్కడితో వదిలేయకండి. ఇంకోసారి అడగండి.

వచ్చే సంచికలో మళ్ళీ సర్వర్లతోనే కలుద్దాం. సెలవు.